సత్తువ తగ్గిన పెద్దవాళ్లకు ఏ వైద్యం చేయించాలి, ఏది వద్దనాలి: ఇంట్లోవాళ్లు తేల్చుకునే పద్ధతి

80 దాటిన అమ్మనో నాయననో ఆసుపత్రిలో చేర్పించిన రెండో రోజున డాక్టరు వచ్చి, "డయాలసిస్ మొదలుపెట్టాలి, సంతకం చేస్తారా?" అని అడుగుతారు. లేదా "వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు, ఏమంటారు?" అంటారు. వార్డు బయట నిలబడిన కొడుకు నోట వెంటనే వచ్చే మాట ఒక్కటే: "ఎంత ఖర్చయినా సరే, అన్నీ చేయండి." అది ప్రేమతో అన్న మాటే. కానీ ఆ "అన్నీ"లో ఏమేమి ఉన్నాయో, వాటిని తట్టుకునే శక్తి ఆ ఒంట్లో ఉందో లేదో, అసలు ఆ తల్లికి అవి కావాలో వద్దో అప్పటికి ఎవరూ ఆలోచించి ఉండరు.

కర్నూలులో జనరల్ మెడిసిన్ వైద్యుడిగా నేను తరచూ చూసేది ఇదే. ఆదోని నుంచి వచ్చినా, తాడిపత్రి నుంచి వచ్చినా, ప్రొద్దుటూరు నుంచి వచ్చినా కుటుంబాల చిక్కు ఒకటే. ఏ వైద్యం దొరుకుతుంది అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. ఈ మనిషిలో సత్తువ ఎంత మిగిలి ఉంది, ఈ మనిషికి ఏది ముఖ్యం అన్న రెండూ అంతకంటే ముందు తేలాలి. ఆ వరుసలో ఎలా నడవాలో ఇక్కడ చెబుతున్నాను. పెద్దవాళ్లు కులాసాగా ఉన్నప్పుడే ఇందులో సగం పని చేసి ఉంచుకోండి. ఐసీయూ బయట నిలబడి ఇవన్నీ కొత్తగా ఆలోచించడం ఎవరికైనా కష్టమే.

ఒక్క మినహాయింపు ఉంది. మూతి వంకరపోవడం, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం, ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం హఠాత్తుగా వస్తే ముందు 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అక్కడ ఆలోచనకు సమయం లేదు.

1. రెండు వారాల కిందట ఎలా ఉన్నారో రాసుకోండి

వయసు ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. ఎమ్మిగనూరులో 81 ఏళ్ల తాత పొద్దున్నే లేచి చేను దాకా నడిచి వస్తున్నారనుకోండి. అదే వీధిలో 74 ఏళ్ల మరొకాయన గోడ పట్టుకోకుండా బాత్రూముకు వెళ్లలేకపోతున్నారనుకోండి. ఇద్దరికీ ఒకే ఆపరేషన్ చేస్తే మొదటాయన కొద్ది రోజుల్లో లేచి తిరగవచ్చు, రెండో ఆయన మంచం పట్టే ప్రమాదం చాలా ఎక్కువ. గుండె, మూత్రపిండాలు, కండరాలు, మెదడు అన్నింటిలోనూ నిల్వ ఉండాల్సిన శక్తి తరిగిపోయి, చిన్న జ్వరానికే మనిషి కూలిపోయే ఈ స్థితిని వైద్యులు ఫ్రెయిల్టీ అంటారు.

దీన్ని గుర్తుపట్టడానికి 2001లో అమెరికా పరిశోధకులు ఐదు గుర్తులు చెప్పారు. ఏడాదిలో ప్రయత్నించకుండానే నాలుగున్నర కిలోలు, లేదా ఒంటి బరువులో 5 శాతం తగ్గడం. ఎప్పుడూ అలసటగా ఉండటం. పిడికిలి పట్టు సడలడం. నడక నెమ్మదించడం. కదలికలు, పనులు తగ్గిపోవడం. వీటిలో మూడు ఉంటే ఫ్రెయిల్టీ ఉన్నట్టే. ఇంట్లో తూకం లేకపోయినా మీకు తెలుస్తుంది: అమ్మ చేతి గాజులు మోచేతి వైపు జారుతుంటాయి, నాయన సీసా మూత తిప్పలేక మీ చేతికిస్తారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కిందపడే ముప్పు ఉన్నట్టు లెక్క. ఫోనులో సెకన్లు చూసి మీరే పరీక్షించవచ్చు, పక్కన మాత్రం ఒకరు నిలబడాలి.

వైద్యులు ఎక్కువగా వాడే కొలమానం కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో తయారైంది. 2005లో వచ్చిన ఈ కొలమానంలో ఇప్పుడు 9 మెట్లు ఉన్నాయి. తన పనులు తాను హుషారుగా చేసుకునేవారు మొదటి మెట్లలో ఉంటారు. పింఛను డబ్బు లెక్క చూసుకోవడానికి, మందులు వేసుకోవడానికి, ఒంటరిగా బస్సెక్కి వెళ్లడానికి ఇంకొకరి సాయం కావాలంటే అయిదో మెట్టు. స్నానానికీ మెట్లెక్కడానికీ మనిషి కావాలంటే ఆరు. ఒంటి పనులన్నింటికీ ఇతరుల మీదే ఆధారపడితే ఏడు. చిన్న జబ్బు నుంచి కూడా కోలుకోలేని స్థితి ఎనిమిది. ఇక ఫ్రెయిల్టీ అంతగా లేకపోయినా, జబ్బు వల్ల ఆరు నెలలకు మించి బతకరని వైద్యులు భావించేవారు తొమ్మిదో మెట్టు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషిని చూసి మెట్టు లెక్క వేయకూడదు. జబ్బు చేయడానికి రెండు వారాల ముందు ఎలా ఉన్నారన్నదే లెక్క. న్యుమోనియాతో కళ్లు మూసుకుని పడుకున్న అవ్వ పదిహేను రోజుల కిందట జొన్నరొట్టెలు తట్టిందంటే ఆమె నాలుగో మెట్టు దాటలేదు, గట్టిగా వైద్యం చేయాల్సిందే. డాక్టరుకు ఆ సంగతి తెలియదు, మీకే తెలుసు. అందుకే ఒక కాగితం మీద రాయండి: ఎంత దూరం నడిచేవారు, ఎవరి సాయంతో స్నానం, ఏం తినేవారు, గుర్తు ఎలా ఉండేది, ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరారు. ఆ కాగితాన్ని ఫైలులో అన్నిటికంటే పైన పెట్టండి.

2. హఠాత్తుగా వచ్చిన మార్పును ముసలితనం కింద జమ కట్టవద్దు

అన్నీ చేయించడం ఒక తప్పయితే, "వయసైపోయింది, ఇంకేం చేస్తాం" అని వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు. ముసలితనం నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది, రెండు రోజుల్లో రాదు. మొన్నటి దాకా మనవళ్ల పేర్లు చెప్పిన అవ్వ ఇవాళ మీరెవరని అడుగుతోందంటే, లేదా పగలంతా మత్తుగా పడి ఉండి రాత్రి కేకలేస్తోందంటే, అది డెలీరియం. దాని వెనక కారణం ఉంటుంది, చాలాసార్లు ఆ కారణానికి మందు కూడా ఉంటుంది.

ముందు చిన్న కారణాలు వెతకమని అడగండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, మూత్రం ఆగిపోయిందా, మలబద్ధకం ఎన్నాళ్ల నుంచి, రక్తంలో సోడియం ఎంత, చక్కెర పడిపోయిందా, కొత్తగా ఏ మందు మొదలైంది. అనంతపురం ఎండల్లో ఇవి ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లకు దాహం తెలియదు, నీళ్లు తాగరు, పైగా బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటూ ఉంటారు. ఉప్పు పూర్తిగా మానేసి ఉంటే సోడియం పడిపోయే ముప్పు ఇంకా పెరుగుతుంది. రెండు రక్తపరీక్షలతో బయటపడే విషయానికి స్కానింగుల కోసం బెంగళూరు దాకా ప్రయాణం కట్టిన కుటుంబాలు ఉన్నాయి.

ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో మీరు చేయగలిగింది చాలా ఉంది. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, పళ్ల సెట్టు ఇంటి నుంచి తెచ్చి పెట్టండి. పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి. తెలిసిన ముఖం ఒకటి ఎప్పుడూ పక్కన ఉండాలి. మూత్రానికి గొట్టం వేస్తే, అది ఇంకా అవసరమా అని ప్రతి రోజూ అడగండి. అన్నిటికంటే ముఖ్యం, డాక్టరు వద్దనకపోతే కూర్చోబెట్టండి, నడిపించండి. ఏ జబ్బూ లేని వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో కాళ్ల కండ దాదాపు ఒక కిలో కరిగిపోయింది. జబ్బుతో ఉన్నవారి సంగతి వేరే చెప్పాలా? "అవ్వకు విశ్రాంతి కావాలి" అని పడుకోబెట్టి ఉంచడం చాలామందిని శాశ్వతంగా మంచానికి కట్టేస్తుంది.

3. మందుల సంచి డాక్టరు ముందు బోర్లించండి

పెద్ద నిర్ణయాల కంటే ముందు ఈ చిన్న పని చేస్తే కొన్ని పెద్ద నిర్ణయాల అవసరమే రాదు. బీపీకి ఒక డాక్టరు, షుగరుకు ఒకరు, మోకాళ్లకు ఒకరు, నిద్ర పట్టడం లేదంటే మందుల షాపులో ఇంకొకరు ఇచ్చిన మాత్రలన్నీ ఒకే సంచిలో ఉంటాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే సూదులు, నాటుమందు కూడా దాచకుండా చెప్పండి.

ప్రత్యేకంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర 60 దాటినవారికి తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలోనే రాసింది. చక్కెర ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. నిద్రకు వేసుకునే ఆల్‌ప్రజోలం లాంటివి పడిపోవడానికీ మతిమరుపుకూ దారి తీస్తాయి. నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, బీపీ మందులు వాడుతూ నీళ్లు తక్కువ తాగేవారికి మరీ ముప్పు. జలుబుకు వేసుకునే మత్తు మాత్రలు మూత్రాన్ని ఆపేస్తాయి. వీటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, ముఖ్యంగా నిద్రమాత్రలను. "ఈ వయసులో, ఈ సత్తువకు ఏవి తీసేయవచ్చు?" అని డాక్టరును అడగండి. షుగరు, బీపీ అంకెలు కూడా కుర్రవాళ్లకు పెట్టినంత బిగువుగా ఉండనవసరం లేదు. చాలా జబ్బులున్న పెద్దవారికి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే రక్తపరీక్ష) 8 శాతం లోపు ఉంటే చాలని నిపుణులు అంటారు. ఆరోగ్యం మరీ క్షీణించినవారిలో ఆ అంకె మీద కంటే, చక్కెర పడిపోకుండా చూడటం మీదే దృష్టి పెట్టమంటారు. తిండి విషయంలో కూడా అంతే. ఎముకల గూడులా ఉన్న అవ్వకు సంగటి మానిపించి, పండు మానిపించి, ఉప్పు మానిపించి ఏమి సాధిస్తాం? గుడ్డు, పప్పు, పెరుగు, నానబెట్టిన వేరుశనగలు మెత్తగా నూరి పెట్టండి.

4. వాళ్లనే అడగండి

ఈ పనికే ఎక్కువ సమయం కేటాయించండి, ఎందుకంటే అందరూ దాటవేసేది దీన్నే. "డాక్టరు గారూ, అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు" అని కొడుకులు నన్ను పక్కకు పిలిచి చెబుతారు. ఆ తల్లి అంతకుముందే భర్తను పోగొట్టుకుంది, కరువులు చూసింది, పిల్లల్ని సాకింది. ఆమె తట్టుకోలేనిది జబ్బు మాట కాదు, అందరూ గుసగుసలాడుతూ తనకు ఏదీ చెప్పకపోవడం. ఒంట్లో ఏదో జరుగుతోందని ఆమెకు ముందే తెలుసు.

ఎలా అడగాలి? నలుగురు చుట్టూ నిలబడి కాదు. పొద్దున కాస్త తేరుకున్న వేళ, ఆమెకు బాగా చేరువైన ఒక్కరు మంచం పక్కన కూర్చుని అడగాలి. ప్రశ్నలు ఇలా ఉండవచ్చు:

"అమ్మా, నీ జబ్బు గురించి డాక్టరు ఏమన్నాడో నీకు తెలుసుకోవాలని ఉందా? లేక మమ్మల్నే చూసుకోమంటావా?"

"అవ్వా, నీకు రోజూ ఏది చేస్తే సంతోషంగా ఉంటుంది? ఏది చేయలేకపోతే బతికి ఏం లాభం అనిపిస్తుంది?"

"నాయనా, ఇంకా కొన్నాళ్లు ఎక్కువ బతకడానికి ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే ఉంటావా? లేక ఇంట్లో ఉండి ఎన్నాళ్లయితే అన్నాళ్లు అంటావా?"

"నీకు మాట రాకపోతే నీ తరఫున ఎవరు చెప్పాలి?"

జవాబు సూటిగా రాకపోవచ్చు. "మీ ఇష్టం నాయనా" అంటారు. అక్కడితో వదిలేయకండి. "మా ఇష్టం సరే, నీకెట్లా ఉంటే బాగుంటుంది?" అని మెల్లగా మళ్లీ అడగండి. కొందరు తమ గురించి చెప్పరు గానీ పక్కింటివారి గురించి చెబుతారు: "ఆయనకు ముక్కులో గొట్టం పెట్టి మూడు నెలలు పడుకోబెట్టారు, అట్లాంటి చావు పగవాడికి కూడా వద్దు." అది ఆమె జవాబే, రాసి పెట్టుకోండి. ఇంకొకామె "మనవరాలి పెళ్లి చూడాలి" అంటుంది. అదీ జవాబే. అప్పుడు కొంత బాధ ఉన్నా ఆ పెళ్లి దాకా నిలబెట్టే వైద్యమే సరైనది.

మతిమరుపు జబ్బు ఉన్నవారిని కూడా అడగాలి. అంకెలు, తేదీలు చెప్పలేనివారు కూడా నొప్పి, భయం, ఎవరు దగ్గరుండాలి అన్నవి చెప్పగలరు. అసలు చెప్పలేని స్థితి ఉంటే ప్రశ్న మారుతుంది: "మనకేం కావాలి" అని కాదు, "అమ్మకు నోరుంటే ఇప్పుడు ఏమనేది?" ఈ ప్రశ్న అడిగిన చోట అన్నదమ్ముల గొడవలు సగం తగ్గడం నేను చూశాను.

5. ఇంట్లో ఎవరి మాట వినాలి

ఆసుపత్రిలో డాక్టరుతో మాట్లాడేది పెద్దకొడుకు. డబ్బు పంపేది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు. అవ్వకు స్నానం చేయించేది, సంగటి ముద్ద కలిపి పెట్టేది, రాత్రి మూడుసార్లు లేచేది కోడలో కూతురో. ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కానీ డాక్టరు గదిలోకి ఆమెను పిలవరు. దయచేసి పిలవండి. రెండు నెలల నుంచి అవ్వ ముద్ద మింగేటప్పుడు పొరబోతోందన్న సంగతి ఆమె చెబితే గానీ నాకు తెలియదు, ఆ ఒక్క సంగతితో వైద్యం దారి మారిపోతుంది.

దూరాన ఉన్నవారిని ఫోనులోకి తీసుకుని అందరూ ఒకేసారి డాక్టరు మాట వినండి. విడివిడిగా వింటే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. చివరి రోజుల్లో దిగిన కొడుకు తనకున్న బాధతో "ఇన్నాళ్లూ మీరు సరిగా చూపించలేదు" అని అన్నీ తిరగదోడటం చాలా ఇళ్లలో జరుగుతుంది. ముందే అతన్ని కలుపుకుంటే అది రాదు. అన్నదమ్ములందరూ కలిసి ఒక్కరిని ఎంచుకుని డాక్టరుతో మాట్లాడే బాధ్యత అప్పగించండి.

6. డాక్టరును ఇలా అడగండి

"బతుకుతారా?" అన్న ప్రశ్నకు ఏ వైద్యుడూ సూటిగా చెప్పలేరు. దాని బదులు మూడు చిత్రాలు అడగండి: ఈ వైద్యం చేస్తే అన్నీ కలిసొచ్చినప్పుడు ఎలా ఉంటారు, అన్నీ ఎదురు తిరిగితే ఎలా ఉంటారు, ఈ మనిషి సత్తువను బట్టి ఎక్కువగా జరిగేది ఏది. తర్వాత అవే మూడు, ఈ వైద్యం చేయకపోతే ఎలా ఉంటాయో అడగండి. చివరగా: "మళ్లీ లేచి తన పనులు తాను చేసుకుంటారా? ఇంటికి వస్తారా?" ప్రాణం నిలవడం, మనిషి నిలవడం ఒకటి కాకపోవచ్చు.

డయాలసిస్ సంగతే చూడండి. అమెరికాలో వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో ఉంటూ డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మందిని గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది తిరిగేసరికి 58 శాతం మంది చనిపోయారు. డయాలసిస్‌కు ముందు చేసుకోగలిగిన పనులను అలాగే చేసుకోగలిగినవారు 13 శాతం మంది మాత్రమే. మన ఇళ్లలో ఉండే పెద్దవారికి ఈ అంకెలు అచ్చంగా వర్తించకపోవచ్చు, కానీ ఏడో మెట్టు మీద ఉన్న నాయనను వారానికి రెండు మూడు సార్లు పల్లె నుంచి పట్నానికి తిప్పే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. డయాలసిస్ లేకుండా ఆయాసం, వాపు, దురద తగ్గించే మందులతో చూసుకునే దారి కూడా ఒకటి ఉందని డాక్టరును అడిగి తెలుసుకోండి.

దీనికి పూర్తి భిన్నం తుంటి ఎముక విరగడం. ఇక్కడ "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, కట్టు కట్టించి ఇంటికి తీసుకుపోదాం" అనడమే ఎక్కువసార్లు తప్పవుతుంది. ఆపరేషన్ లేకపోతే కదిలిన ప్రతిసారీ నొప్పి, ఆ నొప్పికి కదలకపోవడం, పుండ్లు, న్యుమోనియా. నడిచే మనిషికైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయించడం మంచిది. సత్తువ తక్కువగా ఉన్నా నొప్పి తగ్గడానికైనా అది పనికొస్తుంది. ముందే మంచం పట్టి, చివరి వారాల్లో ఉన్నవారి విషయంలోనే వద్దనడం సమంజసం. కంటి శుక్లాల ఆపరేషన్, గుండె మరీ నెమ్మదించినవారికి పెట్టే పేస్‌మేకర్ కూడా ఇలాంటివే. ఒంటికి పెట్టే కష్టం తక్కువ, తిరిగొచ్చేది ఎక్కువ. వయసు చూసి వీటిని వద్దనకండి.

ముదిరిన మతిమరుపు జబ్బులో తిండి మానేసినప్పుడు ముక్కు గొట్టం పెట్టమని కుటుంబాలు అడుగుతాయి. ఆకలితో చంపుతున్నామేమో అన్న బాధ అది, నాకు అర్థమవుతుంది. కానీ ఆ దశలో గొట్టం ఆయుష్షు పెంచదు, పొరబోవడాన్నీ ఆపదు. పైగా దాన్ని లాగేయకుండా చేతులు కట్టేయాల్సి వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఆమె తీసుకున్నంత నోటితో పెట్టడమే మేలని వృద్ధుల వైద్య నిపుణుల సంఘాలు చెబుతున్నాయి.

గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కే సీపీఆర్ గురించి ముందే అడిగి పెట్టుకోండి. సత్తువ పూర్తిగా తగ్గినవారిలో అది ఫలించడం చాలా అరుదు, పక్కటెముకలు విరగడం మాత్రం మామూలు. ఇది వద్దనుకుంటే మిగతా వైద్యమంతా ఆపేయడం కాదు. ఈ తేడా కాగితం మీద స్పష్టంగా రాయించండి. ఇలాంటి నిర్ణయానికి భారత వైద్య పరిశోధన మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక డబ్బు, దూరం. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను అడగండి. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందించే వయ వందన పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది, దాని గురించీ అడగండి. కానీ కార్డు ఉంది కదా అన్నది ఆపరేషన్‌కు కారణం కాకూడదు. కర్నూలు నుంచి హైదరాబాదుకైనా, అనంతపురం నుంచి బెంగళూరుకైనా 200 కిలోమీటర్లకు పైనే. "అక్కడ చేసేది, ఇక్కడ చేయలేనిది ఏమిటి? దారిలో ఏం కావచ్చు?" అని అడిగి, పేరుతో సహా ఒక చికిత్స చెబితేనే కదలండి. కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి, పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి ఇవన్నీ దగ్గరలోనే ఉన్నాయి. దగ్గర ఉంటే బంధువులు వచ్చి పోగలరు, ఇంటి తిండి అందుతుంది. పెద్దవారికి అవి కూడా వైద్యమే.

7. తేలకపోతే గడువు పెట్టి చూడండి

నిర్ణయం అటో ఇటో తేలనప్పుడు "మూడు నుంచి అయిదు రోజులు ఐసీయూలో గట్టిగా ప్రయత్నిద్దాం" అని డాక్టరుతో ఒప్పందం చేసుకోండి. ఏవి చూసి బాగవుతోందని అనుకోవాలో మొదటే అడగండి: బీపీ నిలబెట్టే మందు తగ్గుతోందా, మూత్రం వస్తోందా, పిలిస్తే పలుకుతున్నారా, ఆక్సిజన్ అవసరం తగ్గుతోందా. గడువు రోజున అందరూ మళ్లీ కూర్చోవాలి. మెరుగు ఉంటే కొనసాగించండి. లేకపోతే యంత్రాలు తగ్గించి ఉపశమనం వైపు తిరగండి. మొదలుపెట్టిన వైద్యాన్ని ఆపడం నేరమని చాలామంది భయపడతారు. ప్రయోజనం లేని వైద్యాన్ని పద్ధతి ప్రకారం ఆపడానికి సుప్రీంకోర్టు అనుమతించింది.

8. కాగితం మీద పెట్టండి

2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందస్తు వైద్య నిర్దేశాన్ని, అంటే లివింగ్ విల్‌ను గుర్తించింది. అప్పటి నిబంధనలు కష్టంగా ఉండటంతో 2023 జనవరి 24న సులభం చేసింది. ఇప్పుడు మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు. మతి స్థిమితంగా ఉన్న వ్యక్తి తన ఇష్టాన్ని రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరించుకుంటే చాలు. తన తరఫున మాట్లాడేవారి పేర్లు కూడా అందులో రాయాలి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అది అమలు కావాలంటే ఆసుపత్రిలో ముగ్గురు వైద్యుల బోర్డు, ఆపైన జిల్లా వైద్యాధికారి సూచించిన వైద్యుడు ఉండే రెండో బోర్డు ఒప్పుకోవాలి. ఒక్కో బోర్డు 48 గంటల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. లివింగ్ విల్ రాయనివారి విషయంలో కూడా కుటుంబం సమ్మతితో ఇదే దారి ఉంది.

నోటరీ దాకా వెళ్లలేకపోయినా, అవ్వ చెప్పిన మాటలు తేదీతో ఒక నోటుబుక్కులో రాసి, ఇంట్లో అందరికీ ఫోనులో పంపండి. పెద్ద జబ్బు వచ్చి తగ్గాక, కిందపడ్డాక, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మళ్లీ అడిగి, మారితే మార్చి రాయండి. మనుషుల కోరికలు ఒంటితో పాటు మారతాయి.

9. వద్దనుకున్నాక చేయాల్సిన పని

వెంటిలేటరో డయాలసిసో వద్దనుకున్న రోజున వైద్యం ఆగదు, దాని లక్ష్యం మారుతుంది. డిశ్చార్జి చీటీ తీసుకునే ముందు పాలియేటివ్ కేర్ గురించి, అంటే బాధ తగ్గించి హాయిగా ఉంచే వైద్యం గురించి అడగండి. నొప్పికి, ఆయాసానికి నోటితో ఇచ్చే మార్ఫిన్ చక్కగా పనిచేస్తుంది. 2014లో చట్టం సవరించాక ఆసుపత్రులు దాన్ని తెచ్చుకోవడం సులువైంది. డాక్టరు చెప్పిన మోతాదులో అలవాటు పడతారన్న భయం అక్కర్లేదు, విరేచనం అయ్యే మందు మాత్రం దాంతో పాటు ఇవ్వాలి. రాత్రి ఆయాసం వస్తే ఏ మందు ఎంత ఇవ్వాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది రాయించుకుని తలగడ దగ్గర పెట్టుకోండి. అది లేకనే అర్ధరాత్రి కంగారులో మళ్లీ ఐసీయూకి పరుగెత్తుతారు.

ఇంట్లో రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, మడమల కింద, నడుము దగ్గర చర్మం ఎర్రబడుతోందేమో రోజూ చూడండి. నోరు తడిగుడ్డతో తుడవండి. చివరి రోజుల్లో "కనీసం గ్లూకోజ్ అయినా ఎక్కించండి" అని ఊళ్లో ఒత్తిడి చేస్తారు. అప్పటికి మూత్రపిండాలు, గుండె మందగించి ఉంటాయి, ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసాన్ని పెంచుతుంది. తాగగలిగితే చెంచాతో రెండు గుక్కలు పోయండి, లేకపోతే పెదవులు తడపండి.

చూసుకునే మనిషికి వారంలో ఒక రాత్రయినా పూర్తి నిద్ర దొరికేలా అన్నదమ్ములు వంతులు వేసుకోండి. పూర్తిగా మంచం పట్టినవారికి ఎన్టీఆర్ భరోసా కింద ఎక్కువ పింఛను ఉంది, దరఖాస్తు గురించి సచివాలయంలో అడగండి. సలహాకు, సాయానికి వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది. ఇంట్లోనే ప్రాణం పోతే, చూస్తున్న డాక్టరు చేత మరణ కారణం రాయించుకుని 21 రోజుల లోపు సచివాలయంలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించండి. ఆ డాక్టరు ఫోన్ నంబరు ఇంటికి వచ్చిన రోజే తీసుకుని ఉంచుకోండి.